వెనక సీటులో రెండు కోడిగుడ్లు

డిటెక్టివ్ వెంకటముని ఒక పూటంతా కోతలు కోయకుండా కూర్చున్నాడంటే ఎవరింట్లోనో పెద్ద కష్టం వచ్చి పడిందని అర్థం. హెడ్ కానిస్టేబులుగా రిటైరై, తిరుపతిలో బోర్డు తగిలించుకుని, పక్కవాళ్ల గుట్టు మీద పదేళ్లుగా బతుకుతున్న ముసలివాడు అతడు. పులి తనకు దారి చూపించిందనీ, దొంగ తన కథ వింటూ నిద్రపోయి దొరికిపోయాడనీ చెప్పే మనిషి. ఆ మంగళవారం పొద్దున మాత్రం ఆసుపత్రి గుండె విభాగంలో బెంచీ మీద నోరు కుట్టేసినట్టు కూర్చుని డాక్టర్ హేమశ్రీ మాటలు వింటున్నాడు.

“తిరుమలయ్యను ఆదివారం పదకొండింటికి తెచ్చినారు. ఆరున్నరకే నొప్పి మొదలయిందంట,” అంది డాక్టర్. “గుండెకు రక్తం తీసుకుపోయే నాళం మూసుకుంది. మూసుకున్న నిమిషం నుంచీ అక్కడి కండ చచ్చిపోతా వస్తుంది. గంట, గంటన్నర లోపల తెచ్చుంటే నాళం తెరిచి, నాలుగో రోజు నడిపించి ఇంటికి పంపించేవాళ్లం.”

“పదకొండుకు తెరవలేకపోయినారా మేడం?”

“తెరిచినాం. కాలవలో అడ్డం తీసి నీళ్లు వదిలితే మాత్రం, ఎండిపోయిన పైరు లేస్తుందా?”

వెంకటముని తల దించుకున్నాడు. రైతుబిడ్డకు ఆ లెక్క ఇంకొకరు వివరించనక్కర్లేదు.

“రొమ్ములో నొప్పి అనలేదా ఆయన?”

“షుగరు ఉన్నోళ్లకు ఒక్కోసారి రొమ్ములో తెలియదు. ఎడమ భుజం లాగుతుంది, దవడ లాగుతుంది, చెమటలు పోస్తాయి. పని చేసిన నొప్పి అనుకుంటారు. అట్ల అనుకునే ఎంతోమంది పోతున్నారు.”

పక్కనే గోడకు ఆనుకుని నిలబడి ఉంది ధరణి. చనిపోయిన తిరుమలయ్య ఒక్కగానొక్క కూతురు, ఇదే ఆసుపత్రిలో నర్సు. పోలీసులకు ఇవ్వాల్సిన కాగితాల కోసం వచ్చింది. తండ్రి చావుకు సొంత చిన్నాయన మునికృష్ణే కారణమని కేసు పెట్టింది ఆ పిల్లే. మునికృష్ణ తప్పు చేయలేదని తేల్చమని వెంకటమునిని పెట్టుకున్నది మునికృష్ణ భార్య పంకజాక్షి.

“మా పిన్నమ్మ మిమ్మల్ని పెట్టుకునిందని తెలుసు,” అంది ధరణి. “మీరు ఆయప్పను తప్పించేకే వచ్చుంటారు.”

“ముందు జరిగింది చెప్పు పాపా.”

“మా పూలకండ్రిగ నుంచి ఈడికి అరగంట దారి సార్. నడిచొచ్చినా పదకొండుకు వచ్చేస్తారు. ఏడు దాటినాక సిన్నాయన మా నాయనను కారులో ఎక్కించుకున్నాడు, ఊరంతా చూసింది. పదకొండుకు ఈడ దించినాడు. నడమల యాడ పెట్టుకోనుండావని అడిగితే నేల చూస్తాడు. ముందురోజేమో బోరు నీళ్ల కాడ కొట్లాట. ‘నువ్వు చస్తేగానీ నా చేను తడవదు’ అన్నాడంట మా నాయనను. అన్న మరుసటి రోజే...”

“నీకెవరూ ఫోను చెయ్యలేదా?”

“నాయన చేసినాడు, ఏడుకు ముందర. ఒక్కసారే. డ్యూటీలో ఫోను లాకర్లో పెట్టాల మేము. పొద్దున రావాల్సిన అమ్మాయి రాలేదని నన్నే ఉండమన్నారు. అప్పుడే ఎవురో ఒకాయనకు గుండెపోటొస్తే అరగంటలో తీసుకొచ్చేసినారు. పొద్దంతా ఆయన మంచం కాడే ఉండాను. బాగైనాక నా చెయ్యి పట్టుకొని, ‘బతికినానా పాపా’ అని నవ్వినాడు సార్. నేనూ నవ్వినాను. ఆ నవ్వు మొగం మీదుండంగానే మా నాయనను స్ట్రెచర్ మీద తోసుకొచ్చినారు.”

డాక్టర్ హేమశ్రీ కిటికీ వైపు తిరిగింది.

“ఎవరివల్ల ఆలస్యమైందో కనుక్కోండి,” అంది ధరణి కళ్లు తుడుచుకుని. “సిన్నాయనైనా సరే, ఇంకెవురైనా సరే. నా ముందర నిలబెట్టండి.”

“నిజం మీ సిన్నాయన పక్కనుంటే ఆయనకు చెప్తా. నీ పక్కనుంటే నీకు చెప్తా. ఎవరి పక్కనా లేకపోతే?”

“అయినా నాకే చెప్పాల.”

“ఓర్చుకుంటావా?”

“నాయన పోయినాడు సార్. ఇంక ఓర్చుకోలేనిది ఏముంటాది? మాటియ్యండి.”

వెంకటముని మాటిచ్చాడు. జన్మలో ఇచ్చిన మాటల్లో సగం నిలబెట్టుకోని మనిషి, ఆ ఒక్కదాన్ని ఎందుకిచ్చానా అని సాయంత్రానికల్లా ఏడవబోతున్నాడు.

*

పోలీసు స్టేషన్ పెరట్లో, వేపచెట్టు పక్కన మునికృష్ణ తెల్ల కారు నిలబెట్టి ఉంది. వెంకటముని దాని వెనక తలుపు తీశాడో లేదో ఇన్‌స్పెక్టర్ రూపేష్ వచ్చేశాడు. పుట్టింది ఎక్కడైనా పెరిగింది హైదరాబాదు. ఈ జిల్లాకు బదిలీ మీద వచ్చి ఇంకా మామిడి కాపు ఒక్కటైనా చూడలేదు.

“పెద్దాయనా, రిటైరయ్యాక మనవళ్లతో ఆడుకోవాలి. నా కేసులతో కాదు.”

“మనవళ్లు నన్ను ఆడించుకోరప్పా. నేను అంపైరు మాట వినను.”

“ఇందులో ఆడటానికి ఏమీ మిగల్లేదు.” రూపేష్ వేళ్లు మడిచాడు. “ముందురోజు గొడవ, పదిమంది సాక్షులు. చావాలని తిట్టాడు. పొద్దున నొప్పి వచ్చిన మనిషిని కారెక్కించుకున్నాడు. అరగంట దారికి నాలుగు గంటలు. ఎక్కడున్నావంటే జవాబు లేదు. కారులో మామిడాకులు దొరికాయి. అంటే తోటలో కారు ఆపుకుని, అన్న ప్రాణం పోయేదాకా కాచుకుని, ఇక లాభం లేదని తెలిశాక ఆసుపత్రికి తెచ్చాడు. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను.”

“మే నెలలో మా పక్క మామిడాకు లేని కారుంటే చూపించు సామీ, నేనే కొనుక్కుంటా. నీ జీపులోనే మూడుండాయి.”

రూపేష్ చూపు తనకు తెలియకుండానే జీపు మీదికి పోయింది. మొహం గంటు పెట్టుకుని వెనక్కు తిరిగాడు.

వెంకటముని కారులోకి వంగాడు. ముందు సీటు మామూలుగా ఉంది. వెనక సీటులో ఎడమ పక్క తుండుగుడ్డ చెమటకు తడిసి, అట్టకట్టి గట్టిపడింది. ముందు సీటు వీపున ఉన్న సంచిలో చెయ్యి పెడితే వార్తాపత్రిక పొట్లం తగిలింది. విప్పాడు. రెండు నాటుకోడి గుడ్లు. బీటలు కూడా లేవు.

“ఇవి చూసినావా సామీ?”

“ఆమ్లెట్ వేసుకుంటారా?” అని రూపేష్ నవ్వాడు. “ఇంటికి కూరకు కొనుంటాడు.”

“అన్న రొప్పుతా ఉంటే, తమ్ముడు దిగి కూరకు గుడ్లు బేరమాడినాడంటావు. అదీ రెండు.”

“అంత కర్కోటకుడన్నమాట. నా కేసుకు ఇంకా బలం.”

వెంకటముని గుడ్డును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. “మా జేజినాయన గుడ్డు వాసన చూసి పెట్ట పేరు చెప్పేవోడు. దాని అమ్మ పేరు గూడా చెప్పేవోడు, గిట్టనోళ్లు నమ్మరు గానీ.” పొట్లం మళ్లీ జాగ్రత్తగా చుట్టి సంచిలోనే పెట్టాడు. “నీ సొత్తు నీకాడే ఉండనీ. ఒకసారి నీ ఖైదీని చూపించు.”

“ఐదు నిమిషాలు. మీ వయసుకు గౌరవమిచ్చి.”

మునికృష్ణ లాకప్‌లో గోడమూల గొంతుకూర్చున్నాడు. రెండు రోజులకే మనిషి సగమయ్యాడు. వెంకటముని కటకటాల దగ్గరగా జరిగి, రూపేష్‌కు వినపడకుండా ఒకే మాట అన్నాడు:

“కారులో గుడ్లు చూసినా.”

మునికృష్ణ ఉలిక్కిపడ్డాడు. “పారేయ్ మామా. దండం పెడతా, పారేయ్.”

“ఆస్పత్రికి పోయేవోడు గుడ్లు కొనడు. ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోను పోయేవోడు కొంటాడు. పిండీ ఆకుపసరూ కలిపి కట్టేకి గుడ్డు సొన కావాల కదా. మీరు తిరుపతి పక్క కాదు, పుత్తూరు పక్క పోయినారు. భుజం బెణికిందని.”

“లేదు. తోటలోనే ఉండాం. తోటలోనే అని రాసుకోమను ఆయప్పను.”

“పుత్తూరు పోయినామంటే నీకు శిక్ష ఉండదురా! తెలీక పోయినామంటారు. ఎందుకు దాస్తాండావు?”

“పుత్తూరు పేరెత్తితే, ఎవురు పొమ్మన్నారని అడుగుతారు.” ఆ మాట నోరు జారిందని తెలిసి మునికృష్ణ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి ఏడుపు బయటికి వచ్చింది. “మామా, నువ్వు చస్తేగానీ నా చేను తడవదని అన్నది నేనే. ఈ నోరే. ఆ మాట అన్నోడు యాడుంటే ఏముంది, ఇంట్లో ఉంటే ఏముంది, జైల్లో ఉంటే ఏముంది? ఇంకొక ముక్క అడగొద్దు నన్ను. పో.”

*

పుత్తూరు దగ్గర పల్లెలో, రేకుల పంచ కింద కట్టు కట్టే పెద్దాయన ఒకామె మోకాలికి బద్దలు చుడుతున్నాడు. పంచ అంతా ఆకుపసరు వాసన. గోడ పక్కన గుడ్లు చేతబట్టుకుని పదిమంది కూర్చున్నారు. వెంకటముని తిరుమలయ్య ఆనవాళ్లు చెప్పగానే ఆయన చేతులు ఆగిపోయాయి.

“వచ్చినాడు. ఆదివారం ఎనిమిదికే. ఈడ జనం కాలు పెట్టేకి తావు లేదు. ఆయన వంతు రానే వచ్చింది. అంతలో చెయ్యి విరిగిన బిడ్డను ఎత్తుకొని ఒకామె వచ్చింది. ‘పసిబిడ్డ ఏడస్తా ఉండాది, ముందు దానికి కట్టు సామీ, నాది మామిడికాయలు కోసిన నొప్పే కదా’ అని తన వంతు ఇచ్చేసి మళ్లీ వెనక్కి పోయి కూర్చున్నాడు. తమ్ముడు కోప్పడినా ఇనలేదు. మళ్లీ నా ముందరికి వచ్చేసరికి పది.”

“కట్టు కట్టినావా?”

“ఎట్ల కట్టేది? చెయ్యి పెట్టి చూస్తే ఎముక తావున ఎముక ఉండాది, కీలు తావున కీలు ఉండాది. ఒళ్లు మాత్రం ఐసుగడ్డ. ఇది నా చేతిపని గాదు, బిన్నా తిరుపతికి పోండి అని గుడ్లు తిరిగి ఇచ్చేసినా. కట్టని కట్టుకు గుడ్లు ఉంచుకోము మేము.” తలెత్తి చూశాడు. “బతికినాడా?”

వెంకటముని తల అడ్డంగా ఊపాడు. మోకాలి ఆమె “అయ్యో” అంది. పెద్దాయన మళ్లీ బద్దలు చుట్టడం మొదలుపెట్టాడు గానీ ముడి పడలేదు, రెండుసార్లు విప్పాడు.

“ఒక మాట. ఈడికి పొమ్మని ఎవరు చెప్పినారో అన్నాడా?”

“అడిగినా కదా! ఆస్పత్రికి పోకుండా ఈడికెందుకు వచ్చినావని కసిరినా. ‘మా పాప నర్సు సామీ, ఆమే పుత్తూరు పొమ్మనింది’ అని గొప్పగా చెప్పినాడు. నేను నమ్మలేదని ఫోను నా చెవి కాడ పెట్టి ఇనిపించినాడు. ఆడపిల్ల గొంతు. ‘ఆస్పత్రికి రావద్దు నాయనా, నేరుగా పుత్తూరు పో’ అని. నా చెవులతో ఇన్నా.”

రోడ్డు మీదికి వచ్చిన వెంకటముని బస్సు వచ్చినా ఎక్కలేదు, పోయినా చూడలేదు. ధరణి ఫోను లాకర్లో ఉంది. తండ్రి చేసిన ఒక్క ఫోనూ ఆమె ఎత్తలేదు. డ్యూటీలో ఉన్నట్టు డాక్టరే సాక్షి. ఎత్తని ఫోనులో ఆమె గొంతు ఎట్లా పలికింది? పిల్ల అబద్ధమాడుతోందా? అబద్ధమాడే కళ్లు వెంకటమునికి బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తుంటాడు. పొద్దున చూసినవి ఆ కళ్లు కావు.

*

పూలకండ్రిగలో తిరుమలయ్య ఇంటి వసారాలో బుట్టలకొద్దీ మామిడికాయలు పట్టించుకునేవాళ్లు లేక మగ్గిపోతున్నాయి. లోపల పటం ముందు దీపం, దీపం పక్కన ఆయన కళ్లద్దాలు, ఫోను. తిరుమలయ్య భార్య చంద్రకాంతమ్మ గోడవైపు తిరిగి కూర్చుని ఉంది.

“అమ్మా, నేను పుత్తూరు నుంచి వస్తాండా,” అన్నాడు వెంకటముని.

ఆమె వీపు బిగుసుకుంది.

“నీకు తెలుసు. నీ మరిదికీ తెలుసు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. నాలుగింటికి మునికృష్ణను కోర్టులో పెడతాండారు తల్లీ.”

చంద్రకాంతమ్మ తిరిగి చూసింది. కళ్లలో నీళ్లు లేవు, ఇంకిపోయినట్టున్నాయి. “ఏం జెప్పమంటావన్నా? పొయ్యి కాడ ఉండా నేను. ఆయన ఈ గడప మీద కూర్చోని భుజం పట్టుకోనుండాడు. లోపల్నుంచి ఇన్నా, పాప గొంతు. పుత్తూరు పో నాయనా అంటాండాది. మునికృష్ణ ఆస్పత్రికే పోదామన్నాడు. కొట్లాడిన తమ్ముడే పరిగెత్తుకోనొచ్చి కారు తీసినాడు చూడు. ఈయనేమో, నా బిడ్డ కన్నా నీకు ఎక్కువ తెలుసునా అన్నాడు. అంతే. పాపకు తెలీక చెప్పింటాది. ఇప్పుడా మాట ఎత్తితే ఆ బిడ్డ బతుకుతాదా? మొగుడ్ని పోగొట్టుకున్నా. పాపను గూడా పోగొట్టుకోమంటావా?”

“పాప ఆ పొద్దు ఫోను ఎత్తనే లేదమ్మా.”

“నేను ఇన్నా కదన్నా!”

“ఆ ఫోను ఇటియ్యి.”

చంద్రకాంతమ్మ ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుంది. వెంకటముని పక్కన కూర్చుని, ఆమె చేతుల్లోనే తెరిపించాడు. కూతురు ఫొటో ఉన్న చోట నొక్కితే, ఇద్దరి మధ్యా వచ్చిన మాటలన్నీ వరసగా వచ్చాయి. పైకి జరుపుతూ, జరుపుతూ పోయాడు. ఒకచోట నక్షత్రం గుర్తు పెట్టిన వాయిస్ మెసేజ్ ఉంది. దాని కింద తేదీ చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఇది పోయిన సంవత్సరంది. ఇదే మామిడికాయల కాలం.”

చంద్రకాంతమ్మకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట్లో చెంగు కుక్కుకుంది. “పోయినేడు నిచ్చెన మీద నుంచి పడి భుజం జారింది ఆయనకు. నిజంగానే జారింది. అప్పుడు పంపించింది పాప ఇది. దీన్ని దాచి పెట్టుకున్నాడన్నా. అన్నం తిని రేడియో పెట్టుకున్నట్టు పెట్టుకుంటాడు. పాప పలకని రోజు దీన్నే ఇంటాడు. ఆ పొద్దు ఫోను చేస్తే పలకలేదని దీన్నే పెట్టుకున్నాడు. నేను ఇన్నది ఇదే.”



వెంకటముని జేబులో ఫోను మోగింది. ఇన్‌స్పెక్టర్ రూపేష్. గొంతులో గెలుపు.

“పెద్దాయనా, మీవాడు ఒప్పుకున్నాడు. కావాలనే అన్నను తోటలో ఉంచానన్నాడు. మేజిస్ట్రేటు ముందు కూడా అదే చెబుతాడట. మీ గుడ్లు మీరు తీసుకుపోవచ్చు.”

“అబద్ధం చెప్తాండాడు సామీ, ఆగు!”

“అబద్ధమాడి జైలుకు పోయేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. నాలుగింటికి కోర్టు.” పెట్టేశాడు.

వెంకటముని లేచేలోపే వాకిట్లో స్కూటీ ఆగింది. ధరణి కాగితాల సంచితో లోపలికి వచ్చి, తల్లినీ, ముసలివాణ్ణీ, ఇద్దరి మొహాల్లో ఉన్నదాన్నీ చూసింది.

“తెలిసిందా సార్?”

పులినీ దొంగనీ మాటలతో లొంగదీసిన నోరు. ఒక చిన్న అబద్ధం, ఒకే ఒక్కటి, ఆ పూట దానికి దొరకలేదు.

“మీ నాయనను పుత్తూరు కట్టుకు తీసుకుపోయినారు పాపా. భుజం నొప్పి అనుకున్నారు. మీ సిన్నాయన తప్పు ఏమీ లేదు.”

“పుత్తూరుకా?” ధరణి సంచి జారి కింద పడింది. “గుండెపోటు మనిషిని పుత్తూరుకు పొమ్మని చెప్పినోళ్లు ఎవురు? ఎవురు సార్? మాటిచ్చినారు మీరు!”

“నేనే,” అంది చంద్రకాంతమ్మ. ఫోనును చెంగు కింద అదిమిపెట్టుకుంది. “నేనే పొమ్మన్నా పాపా. తెలివిలేనిదాన్ని. తిట్టు, కొట్టు. నేనే.”

ధరణి తల్లిని చూసింది. జన్మలో ఒక్కసారైనా భర్త మాటకు ఎదురు చెప్పని ఆ తల్లి, ఆయనను ఎక్కడికో పొమ్మని ఆజ్ఞాపించిందట. తరువాత ఆమె చూపు చెంగు మీదికి దిగింది. పలచటి చెంగు కింద ఫోను వెలుగుతోంది. ఆ వెలుగులో కనపడుతున్నది తన ఫొటోనే.

“ఇటియ్యమ్మా.”

“వద్దు పాపా.”

“ఇటియ్యి.”

ఇద్దరి చేతుల మధ్య పెనుగులాటలో ఎవరి వేలు తగిలిందో గానీ, ఇంట్లో గలగలా ఒక ఆడపిల్ల నవ్వు వినపడింది. రెండు రోజులుగా ఆ ఇంట్లో లేని నవ్వు.

“ఏమి నాయనా, ఈ వయసులో నిచ్చెనలెక్కుతావా! ఆస్పత్రికి మాత్రం రావద్దు. ఈడ పొద్దంతా కూర్చోబెడతారు. నేరుగా పుత్తూరు పో, మంచి కట్టు వేయించుకో. నాకన్నా నీకు ఎక్కువ తెలుసునా? నేను చెప్తాండా కదా, పో.”

ధరణి తేదీ చూసింది. కింద, ఆదివారం పొద్దున తను ఎత్తని ఫోను గుర్తు కూడా చూసింది. ఒక్కటే. చాలాసేపు రెండింటినీ చూసింది. చంద్రకాంతమ్మ కూతురి కాళ్లు పట్టుకుని నేల మీద కూలబడింది. “నువ్వు గాదు పాపా, నువ్వు గాదు. పోయినేటి మాటది. నీ గొంతు మీద ఆశతో పెట్టుకున్నాడంతే.”

వెంకటముని గడప మీద కూర్చున్నాడు. తిరుమలయ్య భుజం పట్టుకుని కూర్చున్న గడప అదేనని గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు.

“సిన్నాయనకు ఇది తెలుసా?” అని అడిగింది ధరణి.

“నువ్వే ఆ పొద్దు చెప్పినావనుకున్నాడు. నీకు తెలీకూడదని, అన్నను నేనే చంపినానని ఒప్పుకున్నాడు. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు అదే చెప్తాడు.”

“టైమెంత?”

“మూడుంపావు.”

“కోర్టు?”

“తిరుపతిలో. అరగంట.”

ధరణి వంగి తల్లి చేతులను తన కాళ్ల నుంచి మెల్లగా విడిపించింది. తండ్రి ఫోనును రొమ్ముకు అదుముకుని వాకిట్లోకి నడిచింది. స్కూటీ తాళం తిప్పబోతే అది జారి రాళ్లలో పడింది. వెంకటముని తీసిచ్చాడు.

“ఎక్కండి సార్. బిన్నా ఎక్కండి,” అంది ఆ పిల్ల, కన్నీళ్లు కూడా తుడుచుకోకుండా. “ఈ అరగంటన్నా మనం ఆలిస్యం చెయ్యకూడదు.”